ఏదుపంది పిల్ల కాదది!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో పల్లికాయ వేసే రైతుకు ఏదుపంది పేరు చెబితేనే ఒళ్ళు మంట. రాత్రిపూట చేలో దిగి కాయలు తవ్వి తింటది మరి! అయితే ఆ కోపం ఏ పాపమూ ఎరుగని మరొక జీవి మీద పడడమే బాధాకరం. మా దొడ్లో కట్టెల మోపు కింద చిన్న ముళ్ళముద్ద కనబడితే "ఏదుపంది పిల్లరా, కొట్టు!" అన్నడు మా చిన్నాయన. నేను అడ్డం పోయిన.

అది హెడ్జ్‌హాగ్. ఏదుపంది ఎలుక జాతిది. ఇది పురుగులు తినే జాతి, చుంచుకు చుట్టం. ఏదుపంది ముళ్ళు పొడవు, ఊడి గుచ్చుకుంటాయి. దీనివి పొట్టివి, అట్ల ఊడిరావు. భయమైతే బంతిలా చుట్టుకుంటుంది, అంతే. పగలు నిద్ర, రాత్రి చెదలు, పురుగుల వేట. దక్షిణ భారతంలో తప్ప మరెక్కడా లేని ఈ జాతిని 1851లో హార్స్‌ఫీల్డ్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించాడు.

మనం చేయగల సాయమేమిటి? లోతులేని మూకుట్లో నీళ్ళు పెట్టాలి. పాలు పోయరాదు, అరగవు. చెత్తకుప్పకు నిప్పు పెట్టేముందు కదిపి చూడాలి. పురుగుమందు అతిగా చల్లితే దాని తిండీ పోతుంది, విషమూ కడుపులో చేరుతుంది. తమిళనాట కొందరు పిల్లల దగ్గుకు దీని తోలును మందుగా వాడతారు. దానికోసం చంపడం తగదు. గాయపడితే అటవీశాఖ వారికి చెప్పాలి.

చేను చెరిపేదెవరో, చేను కాచేదెవరో తెలుసుకున్నంకనే రైతు కట్టె ఎత్తాలె. ఆ సంగతి ఇంట్ల చెప్పకుంటే మన సైన్సు చదువు ఎందుకు?