కరువుసీమలో కారుకు నీటిదోషం: పాతవాహనాల విద్యుల్లోప నిర్ధారణ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
అనంతపురం పీఠభూమి వంటి వర్షాభావ ప్రాంతంలో పాతకార్ల విద్యుద్వ్యవస్థకు నీటివల్ల కలిగే లోపాలను గుర్తించడం తడిప్రాంతాలలో కంటే కష్టం. అక్కడ తడి త్వరగా ఆరిపోతుంది, దానితోపాటు సాక్ష్యమూ పోతుంది. నీరు ప్రవేశించే మార్గాలు, తీగలలో అది చేసే పని, లక్షణాన్నిబట్టి కారణాన్ని ఊహించే క్రమం, వరదలో మునిగిన వాహనం విషయంలో తీసుకోవలసిన జాగ్రత్త ఈ వ్యాసంలో చర్చించబడ్డాయి.

కీలకపదాలు: అనంతపురం, నడిమివంక, చిలుము, ఎర్త్, డెల్కో, అన్వయవ్యతిరేకాలు.

1. ప్రవేశిక

పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న అనంతపురం ప్రాంతంలో సాలుసరి వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అయినా ఆ ఊరి పేరు ‘అనంతసాగరం’ అనే చెరువునుంచి వచ్చిందని స్థలచరిత్ర చెబుతుంది. కరువుకూ నీటికీ ఉన్న ఈ చిత్రమైన సంబంధం 2022 అక్టోబరులో మరోసారి బయటపడింది. ఆ నెల రెండో వారంలో కురిసిన భారీవర్షాలకు నడిమివంక పొంగి, అనంతపురం నగరంలోని లోతట్టు కాలనీలు మునిగిపోయాయి. అంతకు ముందు ఏడాది, 2021 నవంబరులో, చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి ప్రవాహంలో చిక్కుకున్నవారిని వాయుసేన హెలికాప్టరు సహాయంతో రక్షించవలసివచ్చింది.

ఇటువంటి వరద అరుదు. వరద వచ్చినప్పుడు నష్టం ఎక్కడ జరిగిందో అందరికీ కనిపిస్తుంది. కనిపించనిది మరొక రకం నష్టం. ఏడాదిలో కొద్దిరోజులు మాత్రమే తడిసే పాతకారు, ఆ కొద్దిరోజుల తడితోనే మిగిలిన ఏడాదంతా యజమానిని ఇబ్బందిపెడుతుంది. ఇక్కడ ‘పాతకారు’ అంటే పదిహేనేళ్లు నిండి, రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొని తిరుగుతున్న వాహనమని గ్రహించాలి. 1983 డిసెంబరులో మార్కెట్లోకి వచ్చి 2014 జనవరిలో ఉత్పత్తి నిలిచిపోయిన మారుతి 800 ఈ తరగతికి మంచి ఉదాహరణ.

2. ఎండ తెరచిన దారులు

కారులోకి నీరు రావడానికి వానకంటే ముందు ఎండ కారణం. తలుపులకూ అద్దాలకూ చుట్టూ ఉండే రబ్బరు బీడింగు ఏళ్లతరబడి ఎండకు గట్టిపడి, పగుళ్లుపట్టి, అంచులను పట్టుకొనే గుణాన్ని కోల్పోతుంది. బానెట్టు వెనుక, ముందు అద్దం అడుగున ఉండే జల్లెడవంటి భాగంలో పడ్డ నీరు కిందికి పోవడానికి రెండువైపులా రంధ్రాలుంటాయి. వేపచెట్టు కింద నిలిపిన కారులో ఆ రంధ్రాలను రాలిన ఆకు, ఎర్రదుమ్ము కలిసి పూడ్చివేస్తాయి. ఎనిమిది నెలలు వాన లేకపోతే ఆ పూడిక సంగతి ఎవరికీ తెలియదు. మొదటి గట్టివానకు అక్కడ చేరిన నీరు బయటికి పోయే దారిలేక లోపలికి, డాష్‌బోర్డు అడుగుకు దిగుతుంది. చాలా నమూనాలలో ఫ్యూజుల పెట్టె, వైర్ల కట్టలు, ఇంజను కంప్యూటరు ఉండేది అక్కడే. తలుపుల అడుగు అంచులలోని చిన్న రంధ్రాలు పూడినా ఇదే కథ. తలుపు ఊపినప్పుడు లోపల నీరు గలగలమంటే వేరే పరీక్ష అక్కరలేదు.

3. తుప్పు, చిలుము

శుద్ధమైన నీరు విద్యుత్తును చాలా తక్కువగా ప్రసరింపజేస్తుంది. దానిలో కరిగిన లవణాలే దానిని వాహకంగా మారుస్తాయి. కాబట్టి వాననీటికంటే ఉప్పుశాతం ఎక్కువగా ఉన్న బోరునీటితో ఇంజను గదిని కడగడం ఎక్కువ హాని. నీరు ఆరినా లవణం తీగల చివర్లలో నిలిచిపోతుంది. తరువాత కొద్దిపాటి చెమ్మ తగిలినా ఆ పొర మళ్లీ వాహకమవుతుంది.

ఈ సందర్భంలో తెలుగు పదసంపద ఒక సౌకర్యం కలిగిస్తున్నది. ఇనుముకు పట్టేది తుప్పు, రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము. మెకానిక్కుకు ఈ భేదం కేవలం మాటల భేదం కాదు. తుప్పు కనిపిస్తే ఎర్త్ తీగ బాడీకి బిగించిన చోటును అనుమానించాలి. ఆకుపచ్చని చిలుము కనిపిస్తే తీగనే, దాని కనెక్టరునే అనుమానించాలి. తడిలో ఉన్న రెండు రాగికొసలలో ధనవిద్యుత్తు ఉన్న కొస త్వరగా కరిగిపోతుంది. అందుకే ఒకే కనెక్టరులో ఒక పిన్ను తినేసినట్లయి, పక్కపిన్ను మెరుస్తూ ఉండడం కద్దు. పైగా దీపంలో వత్తి నూనెను పీల్చినట్లు, తీగలోని సన్నని రాగిపోగులు తడిని పైతొడుగు కింద చాలాదూరం పీల్చుకుంటాయి. పైకి నిక్షేపంగా కనిపించే తీగను కోసిచూస్తే లోపల పచ్చని పొడి రాలుతుంది. అంతవరకు కోసివేసి కొత్తతీగ కలపాలి. చివరను మాత్రమే గరుకు కాగితంతో రుద్దితే రెండునెలలలో అదే లోపం తిరిగివస్తుంది.

1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశ సంపుటాల తరహాలో మోటారు మెకానిక్కుల భాషనూ సేకరించవలసిన అవసరం ఉంది. డిస్ట్రిబ్యూటరును ‘డెల్కో’ అనడం, స్టార్టరును ‘సెల్ఫ్’ అనడం వంటివి ఆ వృత్తిచరిత్రకు ఆనవాళ్లు.

4. ఏ నీరు?

లోపాన్ని వెదకడానికి ముందు తడి ఎక్కడిదో తేల్చాలి. చాలామంది ఈ మెట్టును దాటవేస్తారు. తివాచీ తడిసి ఉంటే దానికి మూడు మూలాలు ఉండవచ్చు. మొదటిది వాన, లేదా కడిగిన నీరు. రెండవది ఏసీ యంత్రంలో గాలిలోని ఆవిరి చల్లబడి ఊరే నీరు. దాని గొట్టం దుమ్ముతో పూడితే నీరు కారు కిందికి పోకుండా లోపలే, సాధారణంగా ముందు ప్రయాణికుని కాళ్లదగ్గర కారుతుంది. మూడవది హీటరునుంచి కారే కూలెంటు. మొదటి రెండింటిలో జిగట ఉండదు. కూలెంటుకు రంగు, జిగట, ఒక తీపివాసన ఉంటాయి. హీటరు వేసినప్పుడు ముందు అద్దం లోపలివైపు మసకపొర కమ్ముతుంది.

అనంతపురంలో మే నెలలో తివాచీ తడిస్తే వానను నిందించడం సాధారణంగా కుదరదు. ఏసీ గొట్టాన్నే చూడాలి. అసలు కారణం పూడిన గొట్టమైతే, బీడింగు మార్చడానికి పెట్టిన డబ్బు వృథా.

వాననీరే అని తేలితే ప్రవేశద్వారాన్ని పట్టుకోవాలి. ఒకరు లోపల టార్చితో కూర్చొని, మరొకరు బయటినుంచి కిందిభాగంతో మొదలుపెట్టి పైకి నీరు పోస్తూ రావాలి. పైనుంచి మొదలుపెడితే కారిన నీరు అన్నిచోట్లా తగిలి, ఏ సందు దోషియో తెలియదు. లోపలి అంచులవెంట పొడి ముగ్గుపిండి చల్లితే నీటిచార స్పష్టంగా పడుతుంది. ఈ పరీక్షకు గొట్టంతో ధారగా నీరు పోయనవసరం లేదు. చెంబుతోనో చేతిపంపు స్ప్రేయరుతోనో సరిపోతుంది. ట్యాంకరు నీటిని కొనుక్కొనే వీధులలో ఈ సూచనకు విలువ ఉంది.

5. అన్వయవ్యతిరేకాలు

తర్కశాస్త్రం కార్యకారణ సంబంధాన్ని నిర్ణయించడానికి అన్వయవ్యతిరేకాలను చెబుతుంది. ఒకటి ఉన్నప్పుడు మరొకటి ఉండడం అన్వయం, ఒకటి లేనప్పుడు మరొకటి లేకపోవడం వ్యతిరేకం. తడిసినప్పుడు లోపం రావడం చూసి ఊరుకోకూడదు. ఆరినప్పుడు పోతున్నదా అన్నదీ చూడాలి. కరువుసీమలో చిక్కు ఇక్కడే ఉంది. తెల్లవారుజామున మొరాయించిన కారు, పదిగంటలకు షెడ్డుకు చేరేసరికి ఎండకు ఆరి చక్కగా స్టార్టవుతుంది. మెకానిక్కు బ్యాటరీ మారుస్తాడు. మళ్లీ వాన లేదు కాబట్టి మూడునెలలపాటు లోపం కనిపించదు. బ్యాటరీ మార్చడంవల్లనే బాగుపడిందని ఇద్దరూ నమ్ముతారు. కాకతాళీయానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

దీనికి విరుగుడు, తడిని మనమే కల్పించడం. కార్బురేటరు ఉన్న పాతకారులో తడిరోజులలో మాత్రమే ఇంజను తడబడుతుంటే చీకట్లో బానెట్టు తెరచి, ఇంజను నడుస్తుండగా డెల్కో మూతమీద, ప్లగ్గుల తీగలమీద సన్నని తుంపర పిచికారీ చేయాలి. చేయి ఆ తీగలను తాకరాదు, వాటిలో వేల వోల్టులు ఉంటాయి. తీగతొడుగు పగిలినచోట నీలిరంగు రవ్వలు పక్కనున్న లోహంమీదికి దూకడం కనిపిస్తుంది. రవ్వలు కనిపించకపోయినా ఇంజను తడబడితే మూతను విప్పి లోపల చూడాలి. పెన్సిలుతో గీసినట్లు నల్లనిగీత ఉంటే విద్యుత్తు ప్లగ్గుకు పోకుండా ఆ దారిన పోతున్నదని అర్థం. అటువంటి మూతను తుడిచి తిరిగి పెట్టడం కాలయాపనే.

ఎర్త్ లోపానికి వేరే లక్షణాలున్నాయి. బ్రేకు తొక్కితే ఇండికేటరు మసకగా వెలగడం, ఇండికేటరు వేస్తే వెనుక దీపం కూడా మినుకుమనడం వంటి వింతలు కనిపిస్తే బల్బులను మార్చే పని పెట్టుకోకూడదు. విద్యుత్తు బాడీద్వారా తిరిగిపోయే దారి తుప్పుతో మూసుకుపోయినప్పుడు, అది పక్కబల్బు తీగ గుండా వెనుదిరుగుతుంది. నిర్ధారణకు మల్టీమీటరును డీసీ వోల్టులలో ఉంచి, ఒక కొనను బ్యాటరీ రుణధ్రువానికీ మరొక కొనను ఇంజను లోహభాగానికీ తాకించి, మరొకరిచేత సెల్ఫ్ తిప్పించాలి. రీడింగు 0.2 వోల్టులలోపు ఉంటే ఎర్త్ బాగున్నట్లు. అర వోల్టు దాటితే ఆ దారిలో తుప్పు ఉన్నట్లే. సెల్ఫ్ తిప్పకుండా, లోడు లేనప్పుడు కొలిస్తే ఈ లోపం బయటపడదు. రెండు పోగులు మిగిలిన తీగ కూడా మీటరుకు మంచితీగలాగే కనిపిస్తుంది.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే లెక్క వేరు. రుణధ్రువం తీగను విప్పి, మధ్యలో అమ్మీటరును చేర్చి, తలుపులు మూసి కొంతసేపు ఆగాలి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే ఆందోళన అనవసరం. 300 ఉంటే 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ లెక్కప్రకారం అయిదురోజులలోపే ఖాళీ అవుతుంది. పాతబ్యాటరీ అయితే రెండురోజులకే సెల్ఫ్ తిప్పలేదు. అప్పుడు ఫ్యూజులను ఒక్కొక్కటే తీస్తూపోతే, ఏది తీసినప్పుడు అంకె పడిపోయిందో ఆ వలయంలోనే తడి ఉంది. ఈ పరీక్ష జరుగుతున్నంతసేపు సెల్ఫ్ తిప్పరాదు, మీటరు కాలిపోతుంది.

6. మునిగిన కారు

వరదనీరు తగ్గాక కారు యజమాని మొదట చేయబోయే పని తాళంచెవి తిప్పి చూడడం. చేయకూడని పని కూడా అదే. గాలిమార్గం ద్వారా సిలిండరులోకి నీరు చేరి ఉంటే, నీరు గాలిలాగా కుంచించుకుపోదు కాబట్టి పిస్టనును నడిపే కడ్డీ వంగిపోతుంది. అంతవరకు తీగలకు పరిమితమైన నష్టం ఇంజనుకు పాకుతుంది. బీమా విషయంలోనూ ఇది కీలకం. నీట మునిగిన తరువాత స్టార్టు చేయడంవల్ల ఇంజనుకు జరిగిన నష్టాన్ని బీమాసంస్థలు సాధారణంగా పర్యవసాన నష్టంగా పరిగణించి, ప్రత్యేక ఇంజను రక్షణ లేకపోతే చెల్లించవు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం తప్పనిసరి అయిన థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉన్న పాతకారుకైతే సొంత నష్టంలో ఏదీ రాదు. బతుకుతెరువుకు పాతకారు కొనుక్కొన్నవానికి ఒక్క చెవితిప్పు ఖరీదు కారు ఖరీదంత కావచ్చు.

కనుక ముందుగా బ్యాటరీ రుణధ్రువాన్ని విప్పాలి. కడగడానికి ముందు లోపల పడిన బురదగీత ఎంత ఎత్తున ఉందో ఫోటో తీయాలి. గీత సీటు అడుగుకే ఆగిందా, డాష్‌బోర్డును దాటిందా అన్నదానిపై చికిత్స ఆధారపడుతుంది. ఆయిలు కొలబద్దను తీసిచూస్తే నూనె పాలుపోసిన టీ రంగులో ఉంటే నీరు చేరినట్లు. అప్పుడు ప్లగ్గులు విప్పి, నీరు బయటికి తోడి, ఆయిలు మార్చేవరకు ఇంజనును తిప్పకూడదు. బురదపట్టిన కనెక్టర్లను మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చిన తరువాతనే బ్యాటరీని కలపాలి. అనంతపురం ఎండ ఇక్కడ మేలే చేస్తుంది గాని, రబ్బరు తొడుగు లోపలి పిన్నులను అది ఆరబెట్టలేదు. కనెక్టర్లను విడదీసే ఆరబెట్టాలి.

వరద వచ్చిన కొన్నినెలలకు ఇటువంటి కార్లు రంగుకొట్టించుకొని దూరపు ఊళ్లలో అమ్మకానికి వస్తాయి. కొనేవారు సీటుబెల్టును చివరిదాకా లాగిచూడాలి. చుట్టలో దాగివున్న ఆ చివరి జానెడు మేరను కడగడం అమ్మేవారికి గుర్తుండదు, ఎండిన వంకమట్టి అక్కడ అలాగే ఉంటుంది.