అయిజ గాలికి ఏ విమానం?

పెట్టె విప్పితే రెండు రెక్కలు, ఒక బాడీ, తోక పలకలు, చక్రాలు, చిన్న సంచిలో మరలు, ఉక్కు తీగలు కనిపిస్తాయి. బాల్సా చెక్కతో చట్రం కట్టి, దాని మీద రంగు ఫిల్మును వేడితో బిగించి పంపుతారు కాబట్టి చూడగానే విమానం తయారైపోయినట్టే ఉంటుంది. రిమోట్ కంట్రోల్ విమానాలు ఎగరేసేవాళ్లు ఇలాంటి మోడల్‌ను ఏఆర్ఎఫ్ అంటారు, అంటే ఎగరడానికి దాదాపు సిద్ధమైనదని. కొనేవాళ్లను చిక్కుల్లో పెట్టేది ఆ 'దాదాపు' అనే మాటే. మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే కంట్రోలరు, రెక్కల పలకలనూ తోకనూ కదిలించే సర్వోలు, రిసీవరు, బ్యాటరీ, చార్జరు, చేతిలో పట్టుకునే ట్రాన్స్‌మిటరు చాలా పెట్టెల్లో ఉండవు. వాటిని విడిగా కొని, బిగించి, బరువు సరిచూసుకోవాలి. ఇంకో లోటు కూడా ఉంది. ఆ పెట్టె నింపినవాళ్లకు మనం ఎగరేసే నేల ఎలాంటిదో, గాలి ఎలా వీస్తుందో తెలియదు. అది చూసుకోవాల్సింది కొనేవాళ్లే. జోగులాంబ గద్వాల జిల్లా అయిజ చుట్టుపక్కల ఎగరేయాలనుకునేవాళ్లు పెట్టె మీది బొమ్మను పక్కన పెట్టి నేలనూ గాలినీ ముందు పెట్టుకుంటే, పాత తరం తేలికపాటి విమానాల్లో పైరెక్క, తోకచక్రం ఉన్నదే పనికొస్తుంది. అది కూడా ఒక కొలతలో ఉంటేనే.

పాత తరం తేలికపాటి విమానం అనగానే ఈ రంగంలో అందరికీ గుర్తొచ్చేది పైపర్ కబ్. అమెరికాలో 1938 నుంచి 1947 దాకా తయారైన జె-3 కబ్‌లు దాదాపు 20 వేలు. పసుపు రంగు, పక్కన నల్లటి మెరుపు గీత, 65 హార్స్‌పవర్ ఇంజను, ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు. మన దేశంలో దీనికి వరసైన విమానం పుష్పక్. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థలో వి.ఎం. ఘాటగే బృందం రూపొందించిన ఈ విమానం 1958 సెప్టెంబరులో తొలిసారి ఎగిరింది. 90 హార్స్‌పవర్ ఇంజను, పక్కపక్కనే రెండు సీట్లు, తల మీద రెక్క, తోక కింద చక్రం ఉన్న దీన్ని ఫ్లయింగ్ క్లబ్బుల్లో కొత్తవాళ్లకు నేర్పడం కోసమే తయారు చేశారు. ఈ రెండింటి పుట్టుకలోనే మన వాదనకు ఆధారం ఉంది. తక్కువ శక్తితో ఎగరాలి, మెల్లగా దిగాలి, గడ్డి మైదానం మీద దొర్లాలి, నేర్చుకునేవాళ్ల తప్పులకు ఓర్చుకోవాలి, దెబ్బ తగిలితే మామూలు పనిముట్లతో బాగుపడాలి. ఆ కాలపు రెక్కలకు కప్పింది బట్టే. కబ్ రెక్కల మీద పత్తి బట్ట పరిచి, డోప్ అనే ద్రవం పూస్తే అది ఆరుతూ డప్పు చర్మంలా బిగిసేది. పత్తి పండించే ఊళ్లో ఆ సంగతి ఎవరికీ వింతగా తోచదు.

ఇప్పుడు నేల సంగతి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నడిగడ్డలో కొన్నిచోట్ల నల్లరేగడి, కొన్నిచోట్ల ఎర్రచెలక. రన్‌వే అంటూ ఏదీ ఉండదు కనుక దొరికేది పంట తీసేసిన చేను, బీడు, లేదంటే బండ్లబాట. ఎండాకాలంలో రేగడి నెర్రెలిస్తుంది. వేలు దూరేంత నెర్రెలో చిన్న ముక్కుచక్రం ఇరుక్కుంటే విమానం ముందుకు తూలి, ప్రొపెల్లరు విరిగి, చక్రాన్ని పట్టి ఉంచే చెక్కపలక ఊడి వస్తుంది. చాలామంది మొదట మెచ్చే సెస్నా 172తో వచ్చే చిక్కు ఇదే. 1955లో తొలిసారి ఎగిరి, ఇప్పటిదాకా 44 వేలకు పైగా తయారైన ఆ విమానం నేర్పే విమానాలన్నిటిలో పేరున్నది. తారు రన్‌వే మీద దానికి సాటి లేదు. కాని దాని మోడల్‌లో ముక్కుచక్రం ఒక సన్నని తీగ చివర వేలాడుతుంది. కబ్, పుష్పక్‌ల ప్రధాన చక్రాలు ముందుకు, పెద్దవిగా ఉంటాయి. తోకచక్రం చిన్నదైనా అక్కడ బరువు తక్కువ. తోకచక్రం విమానం నేల మీద గిర్రున తిరిగిపోతుందనే అభ్యంతరం నిజమే. బరువు చక్రాల వెనక ఉండటంతో, పక్కకు మళ్లగానే తోక ముందుకు రావాలని చూస్తుంది. దానికి మందు గాలికి ఎదురుగా పరుగు తీయించడం, థ్రాటిల్ మెల్లగా పెంచడం, చక్రాలు నేల వదిలేదాకా తోక మీది రడ్డర్‌ను వదలకపోవడం. ఆ మెలకువ పది రోజుల సాధనతో వస్తుంది. నెర్రెలిచ్చిన నేలను మాత్రం సాధనతో మార్చలేం.

గాలి లెక్క ఇంకా ముఖ్యం. విమానాన్ని చిన్నది చేసినంత మాత్రాన గాలి చిన్నది కాదు. అసలు కబ్ రెక్కల పొడవు 10.74 మీటర్లు, నిండు బరువు 553 కిలోలు, గాలిలో నిలిచి ఉండటానికి కావలసిన కనీస వేగం గంటకు దాదాపు 61 కిలోమీటర్లు. మోడల్‌ను తొమ్మిదో వంతుకు తగ్గిస్తే రెక్క 1.2 మీటర్లవుతుంది. ఆ కనీస వేగం మాత్రం తొమ్మిదో వంతుకు పడిపోదు, తొమ్మిది వర్గమూలమైన మూడుతో భాగిస్తే వచ్చేంత, అంటే 20 కిలోమీటర్లవుతుంది. నైరుతి గాలులు వీచే జూన్, జులై నెలల్లో ఈ మెరక నేలల మీద గంటకు 20 కిలోమీటర్ల గాలి పెద్ద వింతేమీ కాదు. ఆ గాలి ఆ బుల్లి మోడల్‌కు ఎలా తగులుతుందంటే, అసలు కబ్‌కు 60 కిలోమీటర్ల గాలి తగిలినట్టు. ఏ పైలటూ అలాంటి రోజున కబ్‌ను షెడ్డులోంచి బయటికి తీయడు. అదే మోడల్‌ను ఏడో వంతులో చేస్తే రెక్క 1.53 మీటర్లకు పెరుగుతుంది, కనీస వేగం 23 కిలోమీటర్లకు చేరుతుంది, 20 కిలోమీటర్ల గాలి 53 కిలోమీటర్ల గాలిలా అనిపిస్తుంది. ఆరో వంతైతే 49. అంటే మోడల్ పెరిగేకొద్దీ గాలికి తట్టుకునే సత్తా పెరుగుతుంది. అంగడిలో చిన్న మోడల్ చవకగా, ముద్దుగా కనిపిస్తుంది. దాని అసలు ధర మొదటి గాలివాన ముందు సాయంత్రం తెలుస్తుంది.

అలాగని ఎంత పెద్దదైనా కొనేయొచ్చా? ఇక్కడ రెండు కట్టుబాట్లు అడ్డం వస్తాయి. మొదటిది చట్టం. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు మోడల్ విమానాలకూ వర్తిస్తాయి. 2 కిలోల లోపు ఉన్నదాన్ని వ్యాపారం కోసం కాకుండా ఎగరేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అది దాటితే లెక్క మారుతుంది. ఆరో వంతు కబ్‌ను అసలు బరువు నిష్పత్తిలోనే కడితే 2.56 కిలోలు. ఏడో వంతుది 1.61 కిలోలు. రెండో కట్టుబాటు మోసుకెళ్లడం. బైకు మీద చేనుదాకా తీసుకుపోవాలంటే రెక్క రెండు ముక్కలుగా విడిపోవాలి, ఒక్కోటి మీటరు దాటకూడదు. ఈ మూడు లెక్కలనూ కలిపి చూస్తే, గాలి పెద్దది కావాలంటుంది, చట్టం తేలికైనది కావాలంటుంది, బైకు పొట్టిది కావాలంటుంది. మూడూ కలిసేచోటు ఒకటిన్నర మీటర్ల రెక్క, 2 కిలోల లోపు బరువు. పెట్టె మీద ఎన్ని ఊరించే మాటలు రాసినా ముందు చూడాల్సినవి ఈ రెండు అంకెలు. ఇక ఎగరేసే చోటు ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వం ఇచ్చిన ఎయిర్‌స్పేస్ మ్యాప్‌లో చూసుకోవాలి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల లోపు ఎగరేయడానికి ముందస్తు అనుమతి అవసరం లేదు. విమానం నమోదుకు సంబంధించిన నియమాలను కూడా కొనేముందే చదువుకోవడం మంచిది.

దీనికి గట్టిగా ఎదురు నిలిచే వాదన ఒకటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు బాల్సా ఎందుకు, నురుగు (ఫోమ్) అచ్చుతో చేసిన విమానం కొంటే పడినా జిగురుతో అతికించుకోవచ్చు కదా అంటారు. అది సరైన మాటే. అసలు మొదటి నెల కంప్యూటరు మీద సిమ్యులేటర్‌తో, ఆ తర్వాత నురుగు విమానంతో చేయి తిప్పుకున్నవాళ్లకు బాల్సా మోడల్ ఎక్కువ కాలం మన్నుతుంది. కాని ఆకారం ఎంచుకోవడంలో వాదన మారదు. నురుగులోనూ పైరెక్క, తోకచక్రం, ఒకటిన్నర మీటర్ల కొలతే చూడాలి. జైరో ఉన్న రిసీవరు పెడితే ఏ విమానమైనా నిలకడగా ఎగురుతుందని ఇంకొందరి మాట. జైరో గాలి కుదుపును సరిదిద్దుతుంది. బరువు తప్పు చోట ఉంటే సరిదిద్దలేదు, నెర్రెను పూడ్చలేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బేగంపేట ఫ్లయింగ్ స్కూల్లో వాయుసేన కుర్రాళ్లు నేర్చుకున్న టైగర్ మాత్ లాంటి రెండంతస్తుల రెక్కల విమానం ఎందుకు కాకూడదని చరిత్ర ఇష్టపడేవాళ్లు అడుగుతారు. అందంలో దానికి పోటీ లేదు. కాని నాలుగు రెక్క ముక్కలనూ, వాటి మధ్య కడ్డీలనూ, తీగలనూ ప్రతిసారీ చేను గట్టు మీద కూర్చుని బిగించాలి. గాలికి అడ్డు ఎక్కువ, ఎదురుగాలిలో ముందుకు సాగదు. అది మూడో విమానంగా కొనదగ్గది.

ఇక 'దాదాపు'ను పూర్తి చేసే పని. ఏడో వంతు కబ్‌కు రెక్క వెడల్పు సుమారు 23 సెంటీమీటర్లు. రెక్క ముందు అంచు నుంచి 6 నుంచి 7 సెంటీమీటర్ల దగ్గర, రెండు వైపులా చూపుడువేళ్ల కొసలతో పట్టి ఎత్తితే, విమానం సమంగా, లేదంటే ముక్కు కాస్త కిందికి వంచి నిలవాలి. తోక కిందికి దిగితే బ్యాటరీని ముందుకు జరపాలి. ముక్కు బరువైన విమానం బద్ధకంగా ఎగురుతుంది. తోక బరువైనది చాలావరకు ఒక్కసారే ఎగురుతుంది. అందుకే ఈ పరీక్షను ఇంట్లో ఒకసారి, చేను దగ్గర ఇంకోసారి చేయాలి. శక్తి లెక్క తేలిక. ఇలాంటి నెమ్మదైన విమానానికి కిలోకు 150 నుంచి 200 వాట్లు చాలు. మూడు సెల్లుల 11.1 వోల్టుల లిపో బ్యాటరీ నుంచి 25 ఆంపియర్లు తీసుకునే మోటారు దాదాపు 277 వాట్లు వాడుకుంటుంది, అది 1.6 కిలోలకు సరిగ్గా సరిపోతుంది. 40 డిగ్రీలు దాటే మన ఎండలో చూసుకోవాల్సింది ఫిల్మును. ఎండలో పెట్టిన రెక్క మీది ఫిల్ము ముడతలు పడొచ్చు. ముడతలు పడిన రెక్క మెలిక తిరిగి ఒక పక్కకు లాగుతుంది. సన్నని గుడ్డ తొడిగిన చిన్న ఇస్త్రీపెట్టెను తక్కువ వేడి మీద, మధ్య నుంచి అంచులకు జరుపుతూ పోతే మళ్లీ బిగుస్తుంది. కబ్ పైన కిందా ఒకే పసుపు కనుక ఆకాశంలో అది వస్తోందో పోతోందో తేలక చాలామంది తికమకపడతారు. రెక్క కింద నల్లటి పట్టీలు రెండు అంటిస్తే ఆ చిక్కు తీరుతుంది.

వేళ కూడా ఎంపికలో భాగమే. గాలి నెమ్మదిగా ఉండేది పొద్దున్నే. కాని అయిజ ప్రాంతంలో విత్తన పత్తి క్రాసింగ్ పని సాగేది కూడా పొద్దున్నే. ముందురోజు సాయంత్రం మగపూల భాగాలు తీసేసిన మొగ్గలకు పొద్దున పుప్పొడి అంటిస్తూ ఆడవాళ్లు చేలల్లో వంగి ఉంటారు. నిమిషానికి వేల చుట్లు తిరిగే ప్రొపెల్లరున్న విమానం వాళ్ల తలల మీదుగా పోవడం ఏ సరదాకూ సరితూగదు. పక్క చేలో కూలిన విమానాన్ని వెతుక్కుంటూ సాళ్లు తొక్కితే నష్టం ఒక రైతు చెమట. కాబట్టి క్రాసింగ్ అయిపోయి, పత్తి ఏరేసి, చేలు ఖాళీ అయ్యే చలికాలపు చివరి రోజులు ఎగరేయడానికి తగినవి. బోర్ల కోసం వేసిన కరెంటు తీగలు చాలాచోట్ల అడ్డొస్తాయి, తీగ కనపడే దిశకు విమానాన్ని తిప్పకూడదు.

ఇవన్నీ చూసుకుంటే ఇక సరదా ఏం మిగులుతుందని కొందరు అడగొచ్చు. ఎగిరే వస్తువు మీద మోజు ఉన్నవాళ్లకు ఈ లెక్కలే సరదా. పైగా వీటికి డబ్బు ఖర్చు కాదు. పెట్టెకు ఆర్డరిచ్చే ముందు ఒక వారం పొద్దున్నే, ఎగరేయాలనుకున్న చేను మధ్య నిలబడాలి. ఒక కర్రకు మూరెడు పత్తి నూలు కట్టి పట్టుకుంటే అది కర్ర పక్కన వేలాడుతోందా, వాలి ఎగురుతోందా, అడ్డంగా చాచుకుని తపతపలాడుతోందా తెలుస్తుంది. ఏ రోజున ఎన్ని గంటలకు నూలు వేలాడిందో రాసుకోవాలి, నేల మీద నెర్రెల వెడల్పు వేలితో కొలవాలి. వారం గడిచేసరికి ఏ విమానం కొనాలో, ఏ నెలలో కొనాలో ఆ కాగితమే చెబుతుంది.