బసంతర్ ఒడ్డున అరుణ్ ఖేతర్‌పాల్

“మీది ఏ ఊరు?” అని కొత్త స్కూల్లో ఎవరైనా అడిగితే మనలో చాలామంది ఒక్క క్షణం ఆగుతాం. పుట్టింది ఒకచోట. అక్షరాలు నేర్చింది ఇంకోచోట. తాతయ్య, నాయనమ్మ ఉండేది మరోచోట. అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు వస్తే చాలు, అట్టపెట్టెలు దిగుతాయి, పుస్తకాలు సర్దుకుంటాం. అందుకే ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం.

ఇప్పుడు మీకు పరిచయం చేయబోయే అరుణ్ ఖేతర్‌పాల్ కూడా చెప్పలేకపోయేవాడేమో. వాళ్ల పూర్వీకులది సర్గోధా. దేశ విభజనతో ఆ ఊరు పాకిస్తాన్‌లోకి వెళ్లిపోయింది, కుటుంబం ఇటు వచ్చేసింది. తండ్రి మదన్‌లాల్ ఖేతర్‌పాల్ సైన్యంలో ఇంజనీర్ల విభాగంలో అధికారి. అరుణ్ 1950 అక్టోబర్ 14న పుణేలో పుట్టాడు. కొన్నేళ్లు ఢిల్లీలో చదివాడు. తర్వాత హిమాచల్ కొండల్లోని సనావర్‌లో హాస్టల్ చదువు. 1967లో ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరాడు. అక్కణ్ణుంచి డెహ్రాడూన్. ఇంటిపేరు పక్కన రాసుకోవడానికి ఊళ్ల జాబితా ఉంది గానీ, ఒక ఊరంటూ లేదు.

1971 జూన్ 13న సెకండ్ లెఫ్టినెంట్‌గా 17 పూనా హార్స్ రెజిమెంట్‌లో చేరాడు. ఒకప్పుడు అది గుర్రపు దళం. పేరులో గుర్రం మిగిలింది కానీ, అరుణ్ చేరేనాటికి ఆ రెజిమెంట్ చేతిలో ఉన్నవి ట్యాంకులు. కొత్తగా చేరిన అధికారులకు ట్యాంకుల మీద ప్రత్యేక శిక్షణ ఇస్తారు. అందుకోసం అరుణ్‌ను మహారాష్ట్రలోని అహమద్‌నగర్‌కు పంపారు. ఆ కోర్సు పూర్తికాకముందే యుద్ధం వచ్చిపడింది. అందరూ తమ తమ రెజిమెంట్లకు వెళ్లాలని పిలుపు వచ్చింది.

దారిలో ఢిల్లీలో ఇంటికి వెళ్లాడు. సామానులో గోల్ఫ్ కర్రలు, విందులకు వేసుకునే నీలం రంగు యూనిఫాం పెట్టుకున్నాడట. ఎందుకురా అంటే, లాహోర్‌లో గోల్ఫ్ ఆడతానని, గెలిచాక విందు ఉంటుంది కదా, అప్పుడు వేసుకుంటానని చెప్పాడట. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడి మాట అది. యుద్ధం అంటే ఏమిటో అప్పటికి అతనికి తెలిసింది తండ్రి, తాతలు చెప్పగా విన్నదే.

రెజిమెంట్‌కు చేరాక ఒక చిక్కు వచ్చింది. కమాండెంట్ లెఫ్టినెంట్ కర్నల్ హనూత్ సింగ్ చాలా పట్టింపు గల మనిషి. శిక్షణ పూర్తికాని అధికారిని యుద్ధానికి తీసుకెళ్లడానికి ఆయన మొదట ఒప్పుకోలేదని, అరుణ్ బతిమాలి, పరీక్షలో నెగ్గాకే వెంట తీసుకెళ్లారని ఆ రెజిమెంట్ వాళ్లు చెబుతారు. ఆయన వద్దనడంలో తప్పేం లేదు. ట్యాంకు కమాండర్ తప్పు చేస్తే పోయేది అతనొక్కడి ప్రాణమే కాదు.

ఎందుకో తెలియాలంటే ట్యాంకు లోపల ఏముంటుందో తెలియాలి. బయటినుంచి చూస్తే అది నడిచే ఇనుప కోటలా ఉంటుంది. పూనా హార్స్ వాడిన సెంచూరియన్ ట్యాంకు బ్రిటన్‌లో తయారైంది, దాదాపు యాభై టన్నుల బరువు. లోపల మాత్రం నలుగురు మనుషులు ఒకరి మోకాళ్లు ఒకరికి తగిలేంత ఇరుకులో కూర్చుంటారు. డ్రైవర్ ముందు భాగంలో ఉంటాడు, అతనికి కనిపించేది చాలా తక్కువ. గన్నర్ ఫిరంగిని గురిపెట్టి పేలుస్తాడు. లోడర్ ఒక్కొక్క గుండును ఎత్తి ఫిరంగిలో పెడతాడు, రేడియో పని కూడా అతనిదే. పైన కమాండర్ చుట్టూ చూసి, ఎటు తిరగాలో, దేన్ని కొట్టాలో చెబుతాడు. ఒకరి కన్ను, ఒకరి చేయి, ఒకరి కాలు, ఒకరి గొంతు కలిస్తేనే ఆ ట్యాంకు పనిచేస్తుంది. అరుణ్ ట్యాంకులో డ్రైవర్ ప్రయాగ్ సింగ్, గన్నర్ నత్థూ సింగ్, లోడర్ నంద్ సింగ్. ఆ ట్యాంకుకు ‘ఫామగుస్తా’ అని పేరు. సైప్రస్ దీవిలో ఆ పేరుతో ఒక రేవు పట్టణం ఉంది.

ఇప్పుడు ఒకసారి అట్లాసు తెరవండి. పఠాన్‌కోట్ నుంచి జమ్మూకు వేలు పెట్టి గీత గీయండి. మీ వేలికి ఎడమపక్కన సరిహద్దు గీత మనవైపు ఉబ్బినట్టుగా కనిపిస్తుంది. అది షకర్‌గఢ్ ప్రాంతం. మిగతా దేశాన్ని జమ్మూతో కలిపే రహదారి ఆ ఉబ్బుకు ఎంత దగ్గరగా పోతుందో చూడండి. జమ్మూ తావి రైలెక్కిన వాళ్లు సాంబా స్టేషన్ మీదుగా వెళ్లే ఉంటారు, ఆ చుట్టుపక్కలే ఇదంతా. శత్రువు ఆ ఉబ్బులోంచి ముందుకు పొడుచుకొస్తే రహదారి తెగిపోతుంది. అందుకని అలా జరగకముందే మన సైన్యం షకర్‌గఢ్‌లోకి వెళ్లింది.

అక్కడ బసంతర్ అనే ఏరు ఉంది. రావి నదిలో కలిసే ఉపనది. దాన్ని దాటి అవతలి గట్టున కాలు మోపి, వెనక వచ్చేవాళ్లకు చోటు చేయాలి. 47వ పదాతి బ్రిగేడ్ డిసెంబర్ 15 రాత్రి తొమ్మిది గంటలకల్లా ఆ పని చేసింది. అయితే కాలినడకన వెళ్లిన సైనికులు ట్యాంకులను ఎక్కువసేపు ఆపలేరు. వాళ్ల వెనకాలే మన ట్యాంకులు చేరాలి. మధ్యలో నేల నిండా మందుపాతరలు పాతి ఉన్నాయి. ఇంజనీర్లు, అంటే అరుణ్ తండ్రి పనిచేసిన విభాగం వాళ్లు, చీకట్లో వాటిని తీస్తూ దారి చేస్తున్నారు. పని సగమే అయింది. అంతలో అవతలి గట్టునుంచి కబురు వచ్చింది, శత్రు ట్యాంకులు కదులుతున్న చప్పుడు వినిపిస్తోందని.

పూర్తిగా దారి అయ్యేదాకా ఆగితే అవతలివాళ్లు చచ్చిపోతారు. ఆగకపోతే ట్యాంకులు పేలిపోవచ్చు. పూనా హార్స్ ఆగలేదు. మందుపాతరల మధ్యనుంచే ట్యాంకులు నడిపించి, తెల్లవారేసరికి అవతలి గట్టుకు చేరింది. నా మటుకు నాకు ఈ యుద్ధంలో అన్నిటికంటే గుండె ఝల్లుమనే ఘట్టం ఇదే. ఒక్కొక్క అడుగూ తెలిసే వేశారు.

డిసెంబర్ 16 ఉదయం ఎనిమిది గంటలకు, జర్పాల్ దగ్గర పొగ తెర చాటునుంచి పాకిస్తాన్ ట్యాంకులు దాడికి దిగాయి. అవి అమెరికాలో తయారైన పాటన్ ట్యాంకులు, 13 లాన్సర్స్ అనే రెజిమెంట్‌వి. అక్కడున్న మన స్క్వాడ్రన్ కంటే సంఖ్యలో ఎక్కువ. స్క్వాడ్రన్ కమాండర్ రేడియోలో సాయం కోరాడు. అరుణ్ మరో స్క్వాడ్రన్‌లో, దగ్గర్లోనే ఉన్నాడు. పిలుపు వినగానే తన ట్యాంకులతో బయలుదేరాడు. దారిలో శత్రువు దాక్కున్న స్థావరాలనుంచి కాల్పులు ఎదురయ్యాయి. వాటి మీదికే ట్యాంకులు తోలి, వాటిని అణచి ముందుకు సాగాడు. ఆ క్రమంలో తనతో వచ్చిన మరో ట్యాంకు కమాండర్ చనిపోయాడు.

మొదటి దాడి వెనక్కి తగ్గింది. అంతటితో అయిపోలేదు. శత్రువు మళ్లీ ట్యాంకులు కూడగట్టుకుని వచ్చాడు. ఈసారి ఆ వైపున అడ్డంగా నిలిచినవి మూడే మూడు మన ట్యాంకులు. భీకరమైన పోరు జరిగింది. పది శత్రు ట్యాంకులు ధ్వంసమయ్యాయి, అందులో నాలుగు అరుణ్ కొట్టినవని ప్రభుత్వ ప్రశంసాపత్రంలో ఉంది. కానీ మన మూడింటిలో ఒకటి దెబ్బతింది. ఇంకోదాని ఫిరంగి మొరాయించింది. మిగిలింది ఫామగుస్తా. దానికీ దెబ్బ తగిలి మంటలు అంటుకున్నాయి, అరుణ్ గాయపడ్డాడు.

ట్యాంకు వదిలి బయటికి రమ్మని రేడియోలో ఆదేశం వచ్చింది. అరుణ్ రానన్నాడు. తన ఫిరంగి ఇంకా పనిచేస్తోందని చెప్పాడు.

ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు ఇది కుర్రతనపు మొండితనం అనిపించింది. పైఅధికారి రమ్మంటే రాకపోవడం ఏమిటి? తర్వాత మ్యాపు దగ్గర పెట్టుకుని చూస్తే సంగతి అర్థమైంది. అరుణ్ వెనకాల ఉన్నది ఖాళీ పొలం కాదు. రాత్రంతా పోరాడి పట్టుకున్న గట్టు, దాని మీద వందల మంది సైనికులు. మిగతా రెండు ట్యాంకులు చేయలేని పనిని చేయగలిగింది ఆ క్షణాన అతని ఫిరంగి ఒక్కటే. అధికారికి రేడియోలో కనిపించనిది అరుణ్‌కు కళ్లెదుట కనిపిస్తోంది. అతను చివరిగా కొట్టిన ట్యాంకు తనకు దాదాపు వంద మీటర్ల దూరంలోనే ఉంది. మీ స్కూలు మైదానంలో వంద మీటర్ల పరుగు గీత ఎంత దూరమో మీకు తెలుసు. ఆ తర్వాత ఫామగుస్తాకు రెండో దెబ్బ తగిలింది. అరుణ్ చనిపోయాడు. ఆ గట్టు మాత్రం శత్రువు చేతికి చిక్కలేదు.

లోడర్ నంద్ సింగ్ కూడా ఆ పోరులోనే ప్రాణం ఇచ్చాడు. ప్రయాగ్ సింగ్, నత్థూ సింగ్ బతికారు. ట్యాంకులో జరిగిన సంగతులు మనకు ఈమాత్రమైనా తెలిశాయంటే నత్థూ సింగ్ లాంటివాళ్లు చెప్పబట్టే. బడి పుస్తకాల్లో నంద్ సింగ్ పేరు కనిపించదు, అందుకే ఇక్కడ రెండోసారి రాస్తున్నాను.

అదే రోజు సాయంత్రం ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. మర్నాడు పడమటి సరిహద్దులోనూ కాల్పులు ఆగాయి. దేశమంతా పండగ. ఆ 17వ తేదీనే సాంబా దగ్గర అరుణ్‌కు అంత్యక్రియలు జరిగాయి. కానీ ఆ సంగతి ఢిల్లీలో ఇంటివాళ్లకు తెలియదు. వాళ్లకు కబురు అందింది డిసెంబర్ 26న. అప్పట్లో ఇంటింటికీ ఫోను లేదు, సరిహద్దునుంచి వార్త రావాలంటే తంతి రావాలి. ఆ మధ్య రోజుల్లో ఆ ఇల్లు కొడుకు బతికే ఉన్నాడన్న నమ్మకంతోనే గడిపింది. తలుపు తట్టిన ప్రతిసారీ ఎవరొచ్చారో అని లేచి చూసే ఇళ్లు మనలో కొందరివి ఉన్నాయి. వాళ్లకు ఈ పది రోజుల సంగతి నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

అరుణ్‌కు మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. అప్పటికి ఆ పతకం పొందినవాళ్లలో అందరికంటే చిన్నవాడు అతనే. తర్వాత 1999లో కార్గిల్‌లో పోరాడి బతికొచ్చిన యోగేంద్ర సింగ్ యాదవ్ పందొమ్మిదేళ్లకే దాన్ని అందుకున్నాడు. 1971 యుద్ధంలో పరమవీర చక్ర వచ్చింది నలుగురికి, వాళ్లలో సజీవంగా అందుకున్నది మేజర్ హోషియార్ సింగ్ ఒక్కరే. ఆయన పోరాడింది కూడా ఈ బసంతర్ యుద్ధంలోనే. ఖడక్‌వాస్లాలో పరేడ్ మైదానానికి, డెహ్రాడూన్‌లో ఆడిటోరియానికి ఖేతర్‌పాల్ పేరు పెట్టారు. 2023లో అండమాన్‌లో ఒక దీవికీ పెట్టారు. ఊరు అడిగితే తడబడే అబ్బాయికి చివరికి ఒక దీవే ఉంది.

పతకాలూ పేర్లూ మన వాళ్లు మన వాళ్లకు ఇచ్చుకునేవి. అటువైపు వాళ్లు ఏమన్నారన్నది ముప్పై ఏళ్లకు గానీ బయటికి రాలేదు. అరుణ్ తండ్రి బ్రిగేడియర్‌గా రిటైరయ్యారు. 2001లో, ఎనభై ఒక్క ఏళ్ల వయసులో, పుట్టిన ఊరు సర్గోధాను ఒకసారి కళ్లారా చూడాలని పాకిస్తాన్ వెళ్లారు. లాహోర్‌లో ఆయనకు ఆతిథ్యం ఇచ్చినవారు ఖ్వాజా మహమ్మద్ నాసర్ అనే బ్రిగేడియర్. ఇంట్లో అందరూ మూడు రోజులు ఆయన్ను ఎంతో మర్యాదగా చూసుకున్నారు. బయలుదేరే ముందటి రాత్రి నాసర్ ఒక మాట చెప్పాలన్నారు. డిసెంబర్ 16న 13 లాన్సర్స్ తరఫున ఆ దాడిలో ఉన్నది తానేనని, అరుణ్ ట్యాంకూ తన ట్యాంకూ ఒకదాన్నొకటి కొట్టుకున్నాయని, తాను బతికానని, మీ అబ్బాయిని చంపింది నేనేనని చెప్పారు. అరుణ్ ధైర్యం గురించి గౌరవంగా మాట్లాడారు. కొడుకును చంపిన మనిషి ఇంట్లో మూడు రోజులుగా భోంచేస్తున్నానని ఆ తండ్రికి తెలిసింది అప్పుడే.

ఆయన తిరిగి వచ్చాక నాసర్ ఒక ఫోటో పంపారు, ఇద్దరూ కలిసి దిగినది. దాని మీద, తమ గెలుపుకూ ఓటమికీ నడుమ అరుణ్ కదలని బండలా నిలిచాడన్న అర్థం వచ్చేలా రాశారు. ఆ రాతలో ఇంకొక సంగతి కూడా ఉంది. మనం బసంతర్ యుద్ధం అంటున్నదాన్ని వాళ్లు బడా పిండ్ యుద్ధం అంటారట. మనకు ఏరు పేరు గుర్తుంది, వాళ్లకు ఊరి పేరు.

శత్రువు చేతికి చిక్కిన ఫామగుస్తా తర్వాత మనకు తిరిగి వచ్చింది. దాన్ని బాగుచేసి అహమద్‌నగర్‌లోని ఆర్మర్డ్ కోర్ సెంటర్‌లో భద్రపరిచారు. ఇప్పుడు ఆ ఊరి పేరు అహిల్యానగర్. మీలో ఎవరికైనా అటువైపు బదిలీ అయితే గుర్తుంచుకోండి, అరుణ్ కోర్సు సగంలో వదిలి యుద్ధానికి వెళ్లింది ఆ ఊరినుంచే.