పాత కారు ఇంజన్ ఉదయాన్నే ఎందుకు గలగలమంటుంది?

లక్ష కిలోమీటర్లు దాటిన కారును ఉదయం స్టార్టు చేసినప్పుడు ఇంజన్ ఒకటి రెండు క్షణాలు గలగలమని, ఆ వెంటనే సద్దుమణిగితే, ముందుగా అనుమానించవలసిన వాటిలో టైమింగ్ చైను ఒకటి. పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోగా, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ సరిగ్గా ఒక చుట్టు తిరిగేటట్లు ఆ రెంటినీ జతపరిచేది ఈ గొలుసే. కొన్ని కార్లలో దీని స్థానంలో రబ్బరు బెల్టు ఉంటుంది. ఏళ్ల తరబడి రాపిడికి గొలుసు కీళ్లు అరిగి, దాని పొడవు కొద్దిగా పెరుగుతుంది. ఆ వదులును బిగించే టెన్షనర్ చాలా ఇంజన్లలో ఆయిల్ పీడనంతో పనిచేస్తుంది. రాత్రంతా బండి కదలకుండా ఉంటే ఆయిల్ అడుగునున్న సంప్ అనే తొట్టిలోకి జారిపోతుంది కనుక, పంపు దానిని మళ్లీ పైకి తోసేవరకు వదులైన గొలుసు పక్కనున్న భాగాలకు కొట్టుకుంటుంది.

అయితే ప్రతి చప్పుడూ ఇంజన్ లోపలిదే కానక్కరలేదు. సైలెన్సర్ గొట్టం వేడిని అడ్డుకునే పలుచని రేకు వదులైనా ఇటువంటి మోతే వస్తుంది. అనుభవమున్న మెకానిక్కులు పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని, మోత పుట్టే చోటును పట్టుకుంటారు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే టకటకమంటే, అది సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి మండడం వల్ల పుట్టే నాకింగ్ కావచ్చు.

అన్నిటికన్నా చవకైన పరీక్ష ఆయిల్‌దే. సమతలమైన నేలపై బండి నిలిపి, ఇంజన్ ఆపిన కొద్ది నిమిషాలకు డిప్‌స్టిక్‌ను తీసి తుడిచి, మళ్లీ ముంచి చూస్తే ఆయిల్ తడి రెండు గుర్తుల నడుమ కనిపించాలి. నడుస్తుండగా ఎర్రని ఆయిల్ దీపం వెలిగితే మాత్రం గ్యారేజీ దాకా వెళ్లాలనుకోకుండా ఇంజన్‌ను అక్కడే ఆపివేయాలి.