తీగలేని పగ్గములు

బొమ్మ యనగానే పిల్లవాని చేతి వస్తువని తోచును. కాని నలువది యేండ్ల వెనుకటి బొమ్మకారును బల్లపై విడదీసి, కంటియద్దములు సవరించుకొని, సెనగగింజంత పళ్ళచక్రమును పాత కుంచెతో తోముచున్న పెద్దమనుష్యులు నేడు జపానులోను, ఇంగ్లండులోను, అమెరికాలోను పెక్కురు కలరు. రేడియోతో నడచు పాత బొమ్మకార్లను బాగుచేసి మరల పరుగెత్తించుట వీరి వ్యసనము. ఇందు ధనము వ్యయమగును, కాలము వ్యయమగును. ఫలమేమని యడిగినచో నవ్వి యూరకుందురు. అయితే వారిలో వారికి తెగని తగవు ఒకటి కలదు. అది బొమ్మలకు మాత్రమే సంబంధించినది కాదు. పాత వస్తువును ప్రేమించు వారందరిదియు. దానిని చెప్పుటకు ముందు కారు సంగతి చెప్పవలెను.

తీగ లేకుండ యంత్రమును దూరమునుండి నడపుట క్రొత్త విద్య కాదు. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెనులో చిన్న పడవ నొకదానిని రేడియో తరంగములతో నడపి చూపెను. ఆ విద్య బొమ్మల అంగడికి చేరుటకు దాదాపు డెబ్బది యేండ్లు పట్టినది. 1966 ప్రాంతమున ఇటలీలో ఫెరారీ 250 ఎల్.ఎం. కారునకు పండ్రెండవ వంతు ప్రతిరూపము రేడియోతో నడచునది అమ్మకమునకు వచ్చినది. కాని ఈ వినోదమును ఇంటింటికి చేర్చినది జపానులోని షిజువోకా నగరమునందలి తమియా సంస్థ. 1946లో కలప వ్యాపారముగా మొదలిడి, కొయ్యబొమ్మలకు దిగి, 1960లో యమాటో యుద్ధనౌకతో ప్లాస్టిక్ నమూనాలలో అడుగిడిన సంస్థ యిది. ఆ సంస్థకు చెందిన షున్సాకు తమియా, పోర్షె 934 నమూనా తయారు చేయుటకు నిజమైన పోర్షె 911 కారును కొని విడదీయించెను. బొమ్మకొరకు కారును విప్పించిన మనిషిని పిచ్చివాడనుట సులభము. 1976లో ఆ పోర్షె రేడియో కారుగా వెలువడిన పిమ్మట నట్లనువారు తగ్గియుందురు.

1979లో వచ్చిన శాండ్ స్కార్చరు ఈ పాత కార్లలో పెద్దింటి బిడ్డ వంటిది. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ఎడారిలో పందెములాడుటకు వోక్స్‌వాగన్ 'బీటిల్' కారు ముందువెనుకలను కత్తిరించి వాడువారు. ఇది దానికి పదవ వంతు రూపము. పైకి బొమ్మ, అడుగున చూచినచో యంత్రశాస్త్ర పాఠము. ముందుచక్రములను మోయు లోహపు చేతులు నిజమైన వోక్స్‌వాగన్ పద్ధతిలోనే మెలిపడు కడ్డీలపై ఊగును. కుదుపు నణచు గొట్టములలో నూనె యుండును. రేడియో సామగ్రి నీరు చొరని స్ఫటికమువంటి పెట్టెలో కూర్చుండును. పిల్లవాడు దీనిని కొని తెచ్చుకొనిన నాడే ఆడుకొనజాలడు. ముక్కలు ముక్కలుగ వచ్చును, తానే కూర్చవలెను. నేడు వీనిని బాగుచేయు పెద్దలలో పలువురు నాడు అట్లు కూర్చిన పిల్లలే.

నడచు విధము సుబోధమే. చేతిలోని ప్రేషకమందొకటి, కారులోని గ్రాహకమందొకటి జతపడు క్వార్ట్‌జ్ స్ఫటికములుండును. 27 మెగాహెర్ట్‌జుల ప్రాంతమున ఒక్కొక్క జతకు ఒక్కొక్క వరుస. ఇద్దరి స్ఫటికములు ఒక్కటే యైనచో ఒకరి పగ్గము మరొకరి గుఱ్ఱమును లాగును! అందుచేత పందెపు మైదానములలో ఎవరి వరుస యేదో రంగుగుర్తులతో తెలుపుకొనెడివారు. వేగమును మార్చు పద్ధతి మరింత విచిత్రము. చిన్న మోటారొకటి ఒక లోహపు చేతిని త్రిప్పి, విద్యుత్తును మొదట నిరోధకముగుండ, తుదకు సూటిగ పెద్ద మోటారునకు పంపును. మెల్లగ పోయినపుడు మిగిలిన శక్తి వేడియై పోవును. ఆ నిరోధకమును ముట్టినచో చేయి కాలును. విద్యుత్ప్రవాహము వేడిని పుట్టించునని తరగతిలో నల్లబల్లపై వ్రాయుటకన్న దీనిని ఒకమారు ముట్టించుట మేలేమో! (ముట్టించవలదు, మాట వరుసకన్నాను.)

ఇక బాగుచేయుట. అటకపై ముప్పదియేండ్లు పడియున్న కారు చేతికి వచ్చినపుడు మొదట చూడవలసినది బ్యాటరీల గది. మరచిపోయిన ఘటములు కారి, తగరపు రేకులను పచ్చగ తినివేసియుండును. ఆల్కలైన్ ఘటముల నుండి కారినది క్షారము గనుక పులిసిన ద్రాక్షరసపు వెనిగరుతో దానిని శాంతింపజేయుదురు. రబ్బరు టైర్లు గాలిలోని ఓజోనుకు, వెలుతురుకు పగిలియుండును. వానికి మందు లేదు, మార్చుటయే. మరమేకులను విప్పుటలో తొందరపడినవాడు చెడును. జపాను మరమేకు తలపై కనబడు శిలువవంటి గాటు మన అంగళ్ళలో దొరకు ఫిలిప్స్ గాటువలెనే యుండును గాని సరిగ నదియే కాదు. వేరు పనిముట్టుతో బలముగ త్రిప్పినచో గాటు చెరిగి మేకు అక్కడనే సమాధియగును. పసుపుబారిన తెల్లని ప్లాస్టిక్కును హైడ్రోజన్ పెరాక్సైడులో తడిపి యెండలో నుంచిన తెల్లబడును. అయినను కొన్నాళ్ళకు మరల పసుపు తిరుగుట కద్దు.

రంగు సంగతి వేరుగ చెప్పవలెను. కొన్ని కార్ల పైతొడుగు పాలికార్బొనేటు అను పారదర్శకమైన పలుచని రేకు. దానికి లోపలినుండి రంగు వేయుదురు. తంజావూరు అద్దపు చిత్రములు చూచినవారికి ఇది తెలియును: పైకి కనబడవలసిన సన్నని గీతలు ముందు, వెనుకనుండవలసిన పెద్దరంగు తరువాత. చేయి తప్పినచో దిద్దుట కష్టము. పాతరంగును తీయబోయి ఘాటైన ద్రావకము వాడినచో రేకే మసకబారి చిట్లును.

తగవు ఇచ్చటనే పుట్టును. 1980 ప్రాంతమున ఒక పిల్లవాడు తన కారుతొడుగుకు కుంచెతో రంగు పూసినాడనుకొనుడు. రంగు ఒకచోట దట్టము, ఒకచోట పలుచన. అంటించిన అంకె వంకర. ముందు గోడకు కొట్టుకొనిన గాటు. నేడు కొన్నవాడు దానిని ఏమి చేయవలెను? ఒక పక్షమువారు అంతయు తుడిచి, పెట్టెమీది బొమ్మలో ఉన్నట్లే నిగనిగలాడునట్లు చేయుదురు. రెండవ పక్షమువారు అసలు కారును నేలపై పెట్టనీయరు. ముక్కలు విప్పని పెట్టె దొరకినచో దానినే బీరువాలో దాచుదురు. మూడవవారు, గాటుతో వంకరతో నట్లే నడపవలెనందురు.

ఎవరి మాటయు కొట్టివేయదగినది కాదు. నడపిన ప్రతిమారును పళ్ళచక్రము కొంచెము అరుగును, పాత ప్లాస్టిక్కు ఎప్పుడు పుటుక్కుమనునో తెలియదు. పోయిన ముక్క మరల పుట్టదు. అట్లని నడపనిచో అది కారేనా? మన పూర్వులలో జీర్ణించిన తాళపత్రమునకు నకలు వ్రాసి పాత ఆకులను నీట విడిచినవారుండిరి. గ్రంథము బ్రతికినది; కాని నేటి పరిశోధకుడు ఒక పాఠభేదముకొరకు ఆ పాత ఆకుకై తపించుచుండును. పిల్లవాని కుంచెగీతలను తుడిచివేయుటయు నిట్టిదే యని నా యభిప్రాయము. పెట్టెమీది బొమ్మవంటి కార్లు ఎన్నియైన చేసికొనవచ్చును, ఆ పిల్లవాడు పూసిన రంగు ఒక్కటే.

ఎన్నియైన యనుటకు కారణము కలదు. తమియావారు పాత కార్లనే మరల అచ్చుపోసి అమ్మసాగిరి: 1984 నాటి హార్నెట్టు 2004లో, అదే యేటి గ్రాస్‌హాపరు 2005లో, శాండ్ స్కార్చరు 2010లో తిరిగివచ్చినవి. దీనితో దొరకని ముక్కలు దొరకసాగినవి, నడపువారికి ధైర్యము వచ్చినది. దానివెంటనే మోసమునకును దారి యేర్పడినది. క్రొత్త ముక్కలతో నింపిన కారును 'అసలు పాతది' యని అమ్మువానికి, ప్రాచీన శాసనమని చెప్పి నిన్న చెక్కిన రాయిని అమ్మువానికి భేదమేమి? నిజాయితీ గల సంగ్రాహకులు మార్చిన ప్రతి ముక్కను వ్రాసియుంచి, తీసిన పాతముక్కను సంచిలో కట్టి చీటీ యంటింతురు. పిల్లవాడు పూసిన తొడుగు బీరువాలోనికి, క్రొత్త తొడుగు మైదానమునకు! ఇది రాజీ వంటిది. మూడు పక్షములవారును పూర్తిగ ఒప్పుకొనరు.

నడపువారు సైతము కొంత నిగ్రహము చూపవలెను. నాటి 7.2 వోల్టుల నికెల్-కాడ్మియము బ్యాటరీకి తగినట్లు చేసిన పళ్ళచక్రములకు నేటి బలమైన బ్రష్‌లెస్ మోటారు తగిలించినచో ముసలి యెద్దును పందెపు బండికి కట్టినట్లగును. అందుచేత తెలిసినవారు రేడియోను మాత్రము నేటి 2.4 గిగాహెర్ట్‌జుల దానికి మార్చి, మోటారును పాతదానినే యుంతురు. ఇసుకనేల యొకటి చూచుకొని విడుతురు. పరుగు పది పదిహేను నిమిషములు. ఆపైన సందులలోని ఇసుక దులుపుట గంటసేపు.