రౌటర్‌తోని కోడ్ మాట్లాడితే రాత్రి నిద్ర మిగులుతది.. గని జర పైలం!

మా మండలంల ఇంటింటికి నెట్ ఇచ్చే చిన్న కేబుల్ ఆఫీసుల పని చేస్తున్న. డిగ్రీ సదివిన గని మొదట్ల నా పని నిచ్చెన మోసుడు, వైరు గుంజుడు. తర్వాత మా ఓనరన్న కంప్యూటర్ ముందట కూసోబెట్టిండు. నెల తిరిగితే పైసలు కట్టనోళ్ల కనెక్షన్ ఆపాలె, కట్టినోళ్లకు మళ్ల ఇయ్యాలె. మొత్తం 340 కనెక్షన్లు. విన్‌బాక్స్ తెరుసుడు, ఒక్కో పేరు దేవులాడుడు, నొక్కుడు. తెల్లారేదాక అదే పని. ఒకలకు బదులు ఇంకొకలది కట్ అయితే పొద్దుగాల్ల తిట్లు నాకే.

ఈ పని కోడ్‌తోని చేయొచ్చని తెలిసినంక నా రాత్రులు నాకు దక్కినయి. అదెట్లనో చెప్త, ఇనుండ్రి.

మా దగ్గర ఉన్నది మైక్రోటిక్ రౌటర్. లాత్వియా దేశంల రీగా అనే పట్నంల 1996ల మొదలైన కంపెనీ ఇది. రౌటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్ పేరు రౌటర్‌ఓఎస్. అండ్లకు పోనీకి చానా దర్వాజలు ఉన్నయి. విన్‌బాక్స్, టెర్మినల్ మనుషుల కోసం. ఏపీఐ అనేది ప్రోగ్రాముల కోసం. మామూలుగ అది 8728 పోర్టు మీద ఉంటది. ఎన్‌క్రిప్షన్‌తోని కావాలంటే 8729.

టెర్మినల్‌ల ప్రింట్ కొడితే పట్టిక వస్తది. కంటికి మంచిగనే ఉంటది గని, కోడ్‌కు ఏ గడి ఏడ తెగుతదో సమజ్ కాదు. ఏపీఐ అట్ల కాదు. మనం పంపే ప్రతి పదం ముందట దాని పొడుగెంతో చెప్తం. వాక్యం అయిపోయిందనేటందుకు సున్నా పొడుగున్న ఖాళీ పదం పంపుతం. రౌటర్ ఒక్కో వివరానికి ‘రీ’ అని, తప్పుంటే ‘ట్రాప్’ అని, మొత్తం అయినంక ‘డన్’ అని జవాబిస్తది.

ఈ బైట్ల లెక్కంత మనం చేసే అక్కర లేదు. దానికే చిన్న క్లయింట్ లైబ్రరీలు ఉన్నయి. నేను వాడేది పైథాన్‌ల ‘లిబ్‌రౌటర్‌ఓఎస్’. పిప్‌తోని ఒక్క లైన్ల ఎక్కుతది, పాత ల్యాప్‌టాప్ చాలు. అడ్రసు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి కనెక్ట్ అయినంక, పీపీపీల సీక్రెట్ అనే దారి చూపెడితే కస్టమర్ల లిస్టు మొత్తం వస్తది. ఒక్కొక్కలు ఒక్కో డిక్షనరీ. పేరు, ప్రొఫైల్, ఆగి ఉన్నదా లేదా.. అన్నీ అండ్లనే. ప్రతి దానికి రౌటర్ ఇచ్చిన ఐడీ ఉంటది. ఏది మార్చాల్నో ఆ ఐడీతోనే చెప్పాలె. వర్షన్ 7 రౌటర్లల్ల అయితే రెస్ట్ ఏపీఐ కూడ ఉన్నది.

ఒక మెలిక చెప్త. సీక్రెట్ డిసేబుల్ చేసినంత మాత్రాన అప్పటికే నడుస్తున్న లైన్ తెగదు. యాక్టివ్ లిస్టుల నుంచి కూడ తీసెయ్యాలె. ప్రొఫైల్ మార్చినా అంతే, మళ్ల కనెక్ట్ అయితెనే కొత్త స్పీడ్. ఇది తెల్వక నా కోడే పని చేస్తలేదని రెండు దినాలు తల గోక్కున్న.

ఇగ నా తప్పు చెప్త. పైసలు కట్టినోళ్ల పేర్లు ఒక ఫైల్ల పెట్టి, అండ్ల లేనోళ్లను ఆపుమని రాసిన. ఒకనాడు ఆ ఫైల్ ఖాళీగ వచ్చింది. కోడ్‌కు ఏం తెలుస్తది? ఎవ్వలు కట్టలేదనుకున్నది. నిమిషం తిరగకముందే 340 ఇండ్లు బంద్! ఆ దినం డిగ్రీ సీట్లకు వెబ్ ఆప్షన్లు పెట్టుకునే ఆఖరి రోజు. పక్క వాడకట్టు చెల్లె ఒకామె ఫోన్ చేసి “అన్నా, సగంల ఆగిపోయింది” అని ఏడ్సింది. మళ్ల ఆన్ చేసి, ఆమె ఆప్షన్లు సేవ్ అయినయని ఇన్నదాక నాకు బువ్వ పోలేదు. చేతితోని చేస్తే ఒక్క ఇంటికి తప్పు చేస్తం. కోడ్‌తోని చేస్తే ఊరంతటికి ఒక్కసారే చేస్తం.

అప్పటిసంది నాకు కొన్ని కట్టుబాట్లు. మొదలు బ్యాకప్. కొత్త కోడ్‌ను సదివే హక్కు మాత్రమే ఉన్న యూజర్‌తోని నడిపిస్త. ఏమేం మారుతయో తెర మీద రాపిచ్చుకోని, చూసినంకనే మార్పిస్త. లిస్టు ఖాళీగున్నా, పదిమంది కంటే ఎక్కువ తెగుతరన్నా కోడ్ ఆగి నన్ను అడగాలె.

ఇంకోటి, ఏపీఐ పోర్టు ఇంటర్నెట్ దిక్కు తెరిచి పెట్టకుండ్రి. సర్వీసుల సెట్టింగుల మీ ఆఫీసు అడ్రసుకే ఇయ్యుండ్రి. 2018ల విన్‌బాక్స్ దర్వాజల ఒక బొక్క బయటపడ్డది. కంపెనీ ఏప్రిల్‌లనే అప్‌డేట్ ఇచ్చింది. అది ఎక్కించుకోని రౌటర్లు లక్షకు పైగ దొంగల చేతుల పడి, క్రిప్టో మైనింగ్‌కు వాడుకున్నరు. అప్‌డేట్ రేపు చేద్దామంటే రౌటర్ మనది కాకుంట పోతది.

తమ్ముండ్లు, చెల్లెండ్లు.. ఇది నేర్వనీకి అమీర్‌పేటకే పోవాలని లేదు. ఒక పాత రౌటర్, ఒక ల్యాప్‌టాప్ ఉంటే ఇంట్లనే మొదలు పెట్టొచ్చు. మొదటి నెల లిస్టు సదువుడే చేయుండ్రి, మార్చుడు తర్వాత. మీరు కొట్టే ఒక్కో లైన్ అవతల ఒక ఇల్లు ఉన్నదని మాత్రం మర్సిపోకుండ్రి.