బొగ్గు, డీజిలు తగ్గించుటలో న్యాయము

బొగ్గు, పెట్రోలు, డీజిలు, సహజవాయువు అనువానిని శిలాజ ఇంధనములందురు. వీనిని మండించినపుడు వెలువడు బొగ్గుపులుసు వాయువు గాలిలో పేరుకొనుటచే భూమి వేడెక్కుచున్నది. అదనుకు వాన పడకపోవుట, పడినపుడు ఒక్కసారిగా ముంచెత్తుట రైతు సోదరులకు అనుభవమే. అందుచే 2023లో దుబాయిలో సమావేశమైన ప్రపంచ దేశములు, ఈ ఇంధనముల నుండి క్రమముగా, న్యాయముగా వైదొలగవలెనని తీర్మానించినవి.

న్యాయముగా అనగా నేమి?

మొదటిది, ఎక్కువ మండించినవారు ఎక్కువ భారము మోయవలెను. మన దేశమున తలకు వెలువడు బొగ్గుపులుసు వాయువు ప్రపంచ సగటులో సగము కూడ లేదు. వర్ధమాన దేశముల కొరకు 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు సమకూర్చుటలో సంపన్న దేశములు ముందుండవలెనని 2024లో బాకూ సమావేశము నిర్ణయించినది. అది చాలదని భారతదేశము అక్కడనే అభ్యంతరము తెలిపినది.

రెండవది, పాత బ్రతుకుతెరువు పోవక ముందే క్రొత్తది చూపవలెను. 2038 నాటికి బొగ్గు విద్యుత్కేంద్రములను మూయుటకు 2020లో చట్టము చేసిన జర్మనీ, బొగ్గు ప్రాంతముల అభివృద్ధికి 4,000 కోట్ల యూరోల వరకు కేటాయించినది. మన సింగరేణి ప్రాంతమున కార్మికులే గాక, వారికి కూరగాయలు, పాలు అమ్ము రైతులు కూడ గని జీతములపై ఆధారపడియున్నారు. అక్కడను ముందుచూపు అవసరము.

మూడవది మీ గ్రామములోనే యున్నది. 2019లో ప్రారంభమైన పి. ఎం. కుసుమ్ పథకమున, సౌర పంపుసెట్టు ధరలో సాధారణముగా 30 శాతము కేంద్రము, 30 శాతము రాష్ట్రము భరించునట్లు ఏర్పరచిరి. డీజిలు ఖర్చు తప్పుట లాభమే. కాని సహాయము పట్టాదారునకే అందినచో కౌలుదారు వెనుకబడును. పొలమును సౌర విద్యుత్కేంద్రమునకు ఇచ్చినచో, దానిని దున్నుకొనుచున్నవాడు పని కోల్పోవును. ఎండకు ఖరీదు లేదు గదా అని పగలంతయు నీరు తోడినచో, పొరుగువాని బావి కూడ ఎండును.

కావున గ్రామాధికారులు భూమిని అట్టి కేంద్రమునకు ఇచ్చుటకు ముందు, పట్టాదారు పేరుతోపాటు దానిని సాగు చేయువారి పేర్లు, పశువులు మేపుకొనువారి పేర్లు వ్రాసి, గ్రామసభలో చదివి వినిపింపవలెను. సౌర పంపు పెట్టు రైతులు దానితోపాటే బిందుసేద్యము అమర్చుకొని, పైరునకు కావలసినంత నీరే తోడవలెను.